2019 ఎల్‌ఎస్‌యూ: ఆ పాసింగ్ పక్కన కార్నర్‌బ్యాక్‌లను ఎలా లెక్కగట్టాలి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 2019 ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) పాసింగ్, అంటే బంతిని విసిరి ముందుకెళ్ళే ఆట, అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ చరిత్రలోనే గొప్పదంటారు, దాంతో మీకు పేచీ లేదు. కానీ ఆ జట్టు కార్నర్‌లను (పాస్ అందుకునే రిసీవర్‌లను అంచుల్లో కాసే డిఫెన్స్ ఆటగాళ్ళను) కూడా ఆకాశానికెత్తుతారేంటి, అలబామాకి 418 పాసింగ్ యార్డులూ 41 పాయింట్లూ సమర్పించుకున్నది వాళ్ళే కదా అన్నది మొదటిది. జాతీయ ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ రిసీవర్ జమార్ చేజ్ చేతిలో చిత్తయిన క్లెమ్సన్ కార్నర్ ఏ.జె. టెరెల్ నిజంగా అంత పనికిరానివాడా అన్నది రెండోది. టీవీలో బంతి వెనకే కెమెరా పోతుంటే కార్నర్ ఆటను ఎలా చూడాలన్నది మూడోది.

ముందుగా, నేనెవరినో చెప్పాలి కదా. మావాడు హ్యూస్టన్ దగ్గర హైస్కూల్ జట్టులో కార్నర్ ఆడేటప్పుడు, ఆ జట్టుకి ఆటల ఫిల్మ్ కట్ చేసి, ప్రతి పాస్ దగ్గరా ఏ కవరేజ్ (రిసీవర్‌లను కాసే పద్ధతి), సేఫ్టీ (కార్నర్‌ల వెనక లోతుగా కాసేవాడు) ఎక్కడున్నాడు, బంతి ఎటు పోయింది అని రాసిపెట్టే పని నా నెత్తిన పడింది. వాడు ఆట వదిలేసి ఉద్యోగంలో పడ్డాడు గానీ నాకా పిచ్చి వదల్లేదు. ఎల్‌ఎస్‌యూ ఆ ఏడాది ఆడిన ఆటలన్నీ అదే పద్ధతిలో కూర్చుని చూశాను.

నా మాట ఇది. కార్నర్ పేరు మీద రాసే అంకెల్లో సగం అతనివి కావు. అప్పుడు స్కోరెంత, అతని వెనక సేఫ్టీ సాయం ఉందా లేదా, ఈ రెండూ తెలియకుండా కార్నర్‌ని తూచకూడదు. పైగా సొంత జట్టు పాసింగ్ ఎంత బాగుంటే ఆ జట్టు కార్నర్‌ల మీద అంత భారం పడుతుంది. ఎల్‌ఎస్‌యూలో జరిగింది అదే.

పాసింగ్‌తో మొదలుపెడదాం. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) జో బరో ఒహాయో స్టేట్ నుంచి వచ్చి 2018లో ఎల్‌ఎస్‌యూకి ఆడినప్పుడు పాస్‌లలో 57.8 శాతమే చేరాయి, టచ్‌డౌన్ (బంతిని అవతలి గోల్ గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే) పాస్‌లు 16. మరుసటి ఏడాది అదే మనిషి 527 పాస్‌లలో 402 చేర్చాడు, అంటే 76.3 శాతం. 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్‌లు, 6 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళు పట్టేసిన పాస్‌లు). టచ్‌డౌన్‌లలో 2006లో హవాయి క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ బ్రెనన్ పెట్టిన 58 రికార్డు దాటిపోయింది. ఏడాదికి మేటి కాలేజ్ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. జట్టు 15 ఆటలాడి 15 గెలిచింది.

ఈ మార్పంతా ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి వచ్చిన జో బ్రేడీ పుణ్యమేనని చాలామంది అంటారు. కొంత నిజమే. అఫెన్స్ (బంతితో దాడి చేసే పక్షం) కోఆర్డినేటర్‌గా స్టీవ్ ఎన్‌స్మింగర్ అలాగే ఉన్నాడు, బ్రేడీ పాసింగ్ పని చూడ్డానికి వచ్చాడు. అతను తెచ్చిన పెద్ద మార్పు, పాస్ అందుకోగల ఐదుగురినీ రూట్‌లకి (ముందే అనుకున్న పరుగు దారులకి) పంపడం. అంతకుముందు ఎల్‌ఎస్‌యూ అంటే రన్నింగ్ బ్యాక్‌కి బంతిచ్చి గుద్దుకుంటూ పోవడమే. 2019లో ఆ రన్నింగ్ బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-ఎలేర్ చాలాసార్లు సైడ్‌లైన్ వైపు రిసీవర్‌లా నిలబడ్డాడు. వెనక ఎవరూ ఉండరు, క్వార్టర్‌బ్యాక్ ఒంటరి. దీన్ని ఎంప్టీ అంటారు.

ఎంప్టీతో ఏం లాభమంటే, డిఫెన్స్ తన రహస్యాన్ని స్నాప్‌కి (బంతి క్వార్టర్‌బ్యాక్‌కి అందించి ప్లే మొదలయ్యే క్షణానికి) ముందే బయటపెట్టుకోవాల్సి వస్తుంది. ఎడ్వర్డ్స్-ఎలేర్ పక్కకి వెళ్ళగానే అతని వెంట లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు) వెళితే అది మ్యాన్ కవరేజ్, ఒక్కొక్కడు ఒక్కొక్కరిని కాయడం. లైన్‌బ్యాకర్ మధ్యలోనే ఉండి, అతని ఎదుట కార్నర్ నిలబడితే అది జోన్, మనిషిని కాక జాగాని కాయడం. మ్యాన్ అయితే చేజ్‌కో, ఇంకో రిసీవర్ జెఫర్సన్‌కో ఎదుట ఎవరున్నారో చూసుకుని బరో అటే వేస్తాడు. జోన్ అయితే ఖాళీ జాగా ఎక్కడ తెరుచుకుంటుందో అతనికి ముందే తెలుసు. బరో చెయ్యి మరీ తుపాకీలాంటిది కాదు. బంతి చేతికి అందే సరికే జవాబు సిద్ధంగా ఉండటమే అతని బలం. బ్రేడీకి మనం ఇచ్చే మార్కులలో కొన్ని కోసి బరోకి వెయ్యాలని నా అభిప్రాయం. అలాంటి ఆటలు అలాంటి ఫార్మేషన్లతో (ఆటగాళ్ళ నిలబడే అమరికలతో) ఆ తర్వాత చాలా జట్లు ఆడాయి, అన్నిటికీ ఆ అంకెలు రాలేదు.

ఒక్క ప్లే చూపిస్తాను. సెప్టెంబర్ 7, ఆస్టిన్‌లో టెక్సస్ మీద. ఎల్‌ఎస్‌యూ 37-31తో ముందుంది, ఇంకా రెండున్నర నిమిషాల ఆట ఉంది, థర్డ్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), బంతి నిలుపుకోవాలంటే 17 యార్డులు కావాలి. ఏ పాత ఎల్‌ఎస్‌యూ అయినా అక్కడ పరుగు పెట్టించి, గడియారం నడిపించి, పంట్ చేసేది (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేసేది). వీళ్ళు పాస్‌కి దిగారు. టెక్సస్ బ్లిట్జ్ వేసింది, అంటే బరో మీదికి మామూలు కంటే ఎక్కువ మందిని పంపింది. మీద పడుతున్నవాళ్ళని చూసి బరో కాస్త పక్కకి జరిగి, తగలబోతున్న దెబ్బని లెక్కచెయ్యకుండా మధ్యలోకి అడ్డంగా వస్తున్న జస్టిన్ జెఫర్సన్‌కి వేశాడు. బ్లిట్జ్ వేశారంటే వెనక మనుషులు తక్కువ. బంతి అందుకున్నాక అడ్డుకునేవాడే లేడు. 61 యార్డుల టచ్‌డౌన్. చివరికి 45-38. ఆ రాత్రి బరో 471 యార్డులు వేశాడు. ఆ ప్లేలో టెక్సస్ కార్నర్‌ల తప్పేం లేదు, కానీ పాస్ డిఫెన్స్ ఖాతాలో ఆ 61 పడిపోయింది. ఇది గుర్తుంచుకోండి, టెరెల్ దగ్గర పనికొస్తుంది.

రిసీవర్‌ల లెక్క క్లుప్తంగా: చేజ్ 84 క్యాచ్‌లు, 1,780 యార్డులు, 20 టచ్‌డౌన్‌లు, ఉత్తమ రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు. జెఫర్సన్ 111 క్యాచ్‌లు, 1,540 యార్డులు, 18 టచ్‌డౌన్‌లు. మూడోవాడు టెరెస్ మార్షల్‌కే 13 టచ్‌డౌన్‌లు. టైట్ ఎండ్ థాడియస్ మాస్‌కి 47 క్యాచ్‌లు, ఎడ్వర్డ్స్-ఎలేర్‌కి 55. ఒకడి మీద ఇద్దర్ని పెడితే మిగతా నలుగురిలో ఎవడో ఒకడు ఒంటరి కార్నర్ ఎదుట ఉంటాడు. డిఫెన్స్ కోచ్‌లకి అదే తలనొప్పి.

ఇప్పుడు అలబామా ఆట, నవంబర్ 9. హాఫ్‌టైమ్‌కి ఎల్‌ఎస్‌యూ 33-13తో ముందుంది. అక్కణ్ణుంచి అలబామాకి వేరే దారి లేదు, పాస్ చేస్తూనే ఉండాలి. పాస్ అందుకునేది ఎవరు? జెరీ జూడీ, హెన్రీ రగ్స్, డెవాంటా స్మిత్, జేలెన్ వాడిల్. నలుగురూ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కాలేజ్ ఆటగాళ్ళను ఎంచుకునే చోట) మొదటి రౌండ్‌లోనే పోయారు. ఒకే కాలేజ్ జట్టులో ఒకేసారి అలాంటి నలుగురు ఉండటం మామూలు విషయం కాదు. క్వార్టర్‌బ్యాక్ టువా టంగోవైలోవా 40 పాస్‌లు వేసి 21 చేర్చాడు. 418 యార్డులు, 4 టచ్‌డౌన్‌లు, ఒక ఇంటర్‌సెప్షన్. స్మిత్ ఒక్కడే 213 యార్డులు లాగాడు.

ఇందులో రెండు సంగతులు చూడాలి. చేరిన 21 పాస్‌లలో కొన్ని ఘోరంగా దెబ్బకొట్టాయి, అది ఎల్‌ఎస్‌యూ డిఫెన్స్ తప్పే, దాచేదేం లేదు. కానీ 19 పాస్‌లు చేరలేదు. ఆ నలుగురి మీద, అంత మంచి క్వార్టర్‌బ్యాక్‌తో, దాదాపు సగం పాస్‌లు నేలపాలయ్యాయంటే కార్నర్‌లు ఊరికే నిలబడి చూస్తున్నట్టు కాదు. చివరికి ఎల్‌ఎస్‌యూ 46-41తో గెలిచింది. ట్వంటీ20లో డెత్ ఓవర్లు వేసే బౌలర్ ఎకానమీని కొత్త బంతి బౌలర్‌తో పోల్చి ఎవరైనా తిడతారా? ఎల్‌ఎస్‌యూ కార్నర్‌లకి ఆ ఏడాది దాదాపు ప్రతి ఆటలోనూ మూడో క్వార్టర్ నుంచే డెత్ ఓవర్లు మొదలయ్యేవి.

అసలు ఆ కార్నర్‌లు ఎవరంటే, ఒక వైపు క్రిస్టియన్ ఫుల్టన్, అనుభవజ్ఞుడు. రెండో వైపు డెరెక్ స్టింగ్లీ జూనియర్, అప్పుడే హైస్కూల్ దాటి వచ్చిన ఫ్రెష్‌మన్, బ్యాటన్ రూజ్ కుర్రాడే. వాళ్ళ తాతగారు డారిల్ స్టింగ్లీ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ రిసీవర్. 1978లో ఒక ప్రీసీజన్ ఆటలో తగిలిన దెబ్బకి శరీరం చచ్చుబడిపోయింది. అలాంటి ఇంట్లోంచి మనవడు మళ్ళీ అదే ఆటలోకి, అదీ కార్నర్‌గా వచ్చాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సరే, విషయానికొస్తాను.

కొత్త కుర్రాడు కాబట్టి అవతలి జట్లు ఫుల్టన్‌ని వదిలి స్టింగ్లీ వైపు వెయ్యడానికి చూశాయి. ఎవరైనా అదే చేస్తారు. ఫలితం, స్టింగ్లీ 6 ఇంటర్‌సెప్షన్లతో ఎస్‌ఈసీ (ఎల్‌ఎస్‌యూ, అలబామా ఆడే లీగ్) మొత్తంలో మొదటి స్థానం, మరో 15 పాస్‌లు చెయ్యి పెట్టి చెడగొట్టాడు. ఫ్రెష్‌మన్‌గానే కన్సెన్సస్ ఆల్ అమెరికన్, అంటే దేశంలో మేటి కాలేజ్ ఆటగాళ్ళలో ఒకడు. డిసెంబర్ 7న ఎస్‌ఈసీ ఫైనల్లో జార్జియా మీద రెండు ఇంటర్‌సెప్షన్లు తీశాడు, 37-10తో ఆట ముగిసింది.

అతనిలో నాకు నచ్చింది ఓపిక. ప్రెస్‌లో, అంటే రిసీవర్ ముఖంలో ముఖం పెట్టి నిలబడ్డప్పుడు, చాలామంది కుర్ర కార్నర్‌లు రిసీవర్ భుజం ఊపగానే అటు దూకేస్తారు. స్టింగ్లీ కాళ్ళు చిన్న చిన్న అడుగులతో అక్కడే ఉంటాయి, రిసీవర్ నిజంగా ఎటు పోతున్నాడో తేలాకే నడుము తిరుగుతుంది. తిరిగాక పక్కపక్కనే పరిగెత్తి, సరైన క్షణంలో తల వెనక్కి తిప్పి బంతి వెతుకుతాడు. ఆ తల తిప్పడంలోనే కార్నర్ బతుకంతా ఉంది. ముందే తిప్పితే రిసీవర్ జారిపోతాడు. ఆలస్యంగా తిప్పితే బంతి అతని చేతుల్లో పడ్డాకే కనిపిస్తుంది. అసలు తిప్పకుండా మీద పడితే జెండా, అంటే రెఫరీ ఫౌల్ ఇస్తాడు.

జెండా అన్నాం కాబట్టి ఒక పక్క మాట. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పాస్ అందుకునేవాణ్ణి అక్రమంగా అడ్డుకోవడం) అంటే తప్పు జరిగిన చోటికి బంతి పోతుంది, 45 యార్డులైనా సరే. కాలేజ్‌లో గరిష్ఠం 15 యార్డులు, ఫస్ట్ డౌన్ (మళ్ళీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు). కాబట్టి లోతైన పాస్‌లో పూర్తిగా వెనకబడిపోయిన కాలేజ్ కార్నర్ చొక్కా పట్టుకు లాగేస్తే అది తెలివైన పనే. మరోపక్క క్యాచ్‌కి ఒక్క పాదం లోపల ఉంటే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లోలా రెండక్కర్లేదు. సైడ్‌లైన్ దగ్గర వేసే బ్యాక్ షోల్డర్ పాస్‌లు (రిసీవర్ వెనక భుజం వైపు వేసేవి) అందుకే ఇక్కడ మరీ ఎక్కువ చేరతాయి. ఇంకా ముఖ్యమైంది హ్యాష్ మార్కుల (ప్లే మొదలుపెట్టే చోటుకి హద్దులైన మైదానం గీతల) దూరం. కాలేజ్‌లో రెండు హ్యాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18.5 అడుగులు. బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క సైడ్‌లైన్‌కి 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు. ఆ 100 అడుగుల వైపున్న కార్నర్ చాలా నేల కాయాలి. ఇరుకు వైపు కార్నర్‌కి సైడ్‌లైనే తోడు, కానీ తరచూ సేఫ్టీ సాయం ఉండదు, పరుగుని అడ్డుకునే పని కూడా మీద పడుతుంది. ఇద్దర్నీ ఒకే తూకం వెయ్యకూడదు.

ఇక టెరెల్. 2020 జనవరి 13, న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్. క్లెమ్సన్ డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్రెంట్ వెనబుల్స్ మొదట్లో బరోని బాగానే తికమక పెట్టాడు. ఐసయా సిమన్స్ లాంటి ఎక్కడైనా నిలబడగల మనిషిని ఒకసారి సేఫ్టీగా లోతుగా, ఇంకోసారి లైన్ దగ్గర పెట్టాడు. పైన చెప్పిన ఎంప్టీ చిట్కా పనిచెయ్యకుండా స్నాప్ తర్వాతే కవరేజ్ మార్చాడు. ఎల్‌ఎస్‌యూ పంట్ చేస్తూ కూర్చుంది, ఒక దశలో క్లెమ్సన్ 17-7తో ముందుంది.

కానీ ఆ తికమకకి ఒక ఖరీదుంది. మధ్యలో అంతమంది అటూ ఇటూ మారుతుంటే, బయట చేజ్ ఎదుట టెరెల్ ఒక్కడే మిగిలాడు. బరోకి ఈ సంగతి అర్థం కాగానే మధ్యలో ఏం జరుగుతోందో చదవడం మానేసి బయటికి వెయ్యడం మొదలుపెట్టాడు. మొదటి దెబ్బ 52 యార్డుల టచ్‌డౌన్. చేజ్ ఏం చేస్తాడో నెమ్మదిగా వెనక్కి తిప్పి చూడండి. మొదటి అడుగు వేసి అర క్షణం ఆగుతాడు. టెరెల్ చెయ్యి చాపగానే ఆ చేతిని కిందికి కొట్టేసి భుజం దాటిస్తాడు. దాటాక నేరుగా సైడ్‌లైన్‌కి పోడు. టెరెల్‌కి అడ్డుగా ముందుకొచ్చి, టెరెల్ దారిలోనే చేజ్ పరిగెత్తుతాడు. ఇక టెరెల్ ఎంత వేగంగా వచ్చినా చేజ్ వీపు దాటుకుని బంతిని చేరలేడు. సైడ్‌లైన్ వైపు నాలుగైదు యార్డుల జాగా మిగులుతుంది, బంతి ఆ జాగాలో పడుతుంది. టెరెల్ ఓడింది పరుగులో కాదు, మొదటి రెండు అడుగుల్లో. సేఫ్టీ అటు వచ్చే పనిలో లేడు కాబట్టి ఆ రెండడుగుల తప్పు ఆరు పాయింట్లయింది.

చేజ్ ఆ రాత్రి 9 క్యాచ్‌లు, 221 యార్డులు, 2 టచ్‌డౌన్‌లు. హాఫ్‌టైమ్‌కి 28-17, చివరికి 42-25. జనం టెరెల్‌ని నోటికొచ్చినట్టు తిట్టారు. మూడు నెలల తర్వాత అట్లాంటా ఫాల్కన్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో 16వ ఆటగాడిగా తీసుకుంది. 2021లో ఆల్‌ప్రో (ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాళ్ళ) రెండో జట్టులో ఉన్నాడు. స్కౌట్‌లు ఆ ఆట చూడకుండా తీసుకోలేదు. ప్రతిసారీ దగ్గరగానే ఉన్నాడు, సాయం లేకుండా కాలేజ్‌లోనే మేటి రిసీవర్‌ని అంతసేపు ఒంటరిగా కాసిన మనిషి అని వాళ్ళకి తెలుసు. నా తీర్పు: టెరెల్ ఆ రాత్రి ఓడిపోయాడు, కానీ ఓడిపోయే చోట అతన్ని నిలబెట్టింది వాళ్ళ ప్లానే.

అదే ఆటలో అవతలి పక్క చూశారా? క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ 37 పాస్‌లలో 18 చేర్చాడు, ఒక్క టచ్‌డౌన్ పాస్ లేదు. స్టింగ్లీ, ఫుల్టన్‌లు ఇద్దరూ తమ వైపు చూసుకుంటున్నారు కాబట్టి ఎల్‌ఎస్‌యూ డిఫెన్స్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా సేఫ్టీలని వేరే పనులకి వాడుకోగలిగాడు. ఆ సేఫ్టీలలో గ్రాంట్ డెల్పిట్ ఆ ఏడాది ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కిచ్చే థార్ప్ అవార్డు గ్రహీత. మంచి కార్నర్ విలువ అతని అంకెల్లో కంటే పక్కవాళ్ళకి దొరికిన స్వేచ్ఛలో ఎక్కువ కనిపిస్తుంది.

దీనికి రుజువు కావాలంటే మరుసటి ఏడాది మొదటి ఆట చాలు. 2020 సెప్టెంబర్ 26, మిసిసిపి స్టేట్ ఎల్‌ఎస్‌యూ సొంత మైదానానికి వచ్చింది. ఫుల్టన్, డెల్పిట్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోయారు, అరాండా బేలర్‌కి హెడ్ కోచ్‌గా పోయాడు, స్టింగ్లీ ఒంట్లో బాగాలేక ఆడలేదు. కొత్త కోఆర్డినేటర్ బో పెలీనీ మాత్రం పట్టుబట్టి మ్యాన్ కవరేజే ఆడించాడు, అదీ రిసీవర్‌లను ఒకరికొకరు అడ్డంగా పరిగెత్తించే మిసిసిపి స్టేట్ కోచ్ మైక్ లీచ్ అఫెన్స్ మీద. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెల్లో 623 యార్డులు వేశాడు, ఎస్‌ఈసీ రికార్డు. 44-34తో ఎల్‌ఎస్‌యూ ఓడింది. అక్కడ పోగొట్టుకున్న యార్డులని ఒక్కో కార్నర్ పేరు మీద పంచి రాస్తే అది లెక్కే కాదు.

ఇక టీవీలో చూడటం. కోచ్‌లు చూసే, 22 మందీ కనిపించే ఫిల్మ్ కాలేజ్ ఆటలకి మనలాంటివాళ్ళకి సులువుగా దొరకదు. ఉన్నదాంతోనే చూడాలి. స్నాప్‌కి ముందు క్వార్టర్‌బ్యాక్‌ని వదిలేసి సేఫ్టీలని లెక్కపెట్టండి, లోతుగా ఒకడా ఇద్దరా? తర్వాత కార్నర్ ఎంత దూరంలో ఉన్నాడు, రిసీవర్‌కి లోపలి పక్క నిలబడ్డాడా బయటి పక్కా? లోపలి పక్క నిలబడి బయటికి వేసిన పాస్ ఇచ్చాడంటే చాలాసార్లు అతని తప్పు కాదు. అటు దారి ఇవ్వమనే చెప్పి ఉంటారు. స్నాప్ అయ్యాక కార్నర్ కళ్ళు చూడండి. రిసీవర్ మీద ఉంటే మ్యాన్, క్వార్టర్‌బ్యాక్ మీద ఉంటే జోన్. టీవీ కెమెరాలో ఇది ఒకటి రెండు క్షణాలే కనిపిస్తుంది, అవి చాలు. గోల్‌పోస్ట్ వెనక నుంచి చూపే రీప్లే వచ్చినప్పుడు మాత్రం కన్ను ఆర్పకండి, అందులో రిసీవర్ మొదటి రెండడుగులూ బయటపడతాయి.

ముందు ఏ ఆట చూడాలంటే, నేనైతే అక్టోబర్ 26 ఆబర్న్ ఆట చూడమంటాను. హైలైట్లలో అందరూ ఓక్లహోమా సెమీఫైనల్ చూస్తారు, బరో మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు వేసిన 63-28 ఆట. చూడ్డానికి పండగే గానీ నేర్చుకోవడానికి ఏం లేదు. ఆబర్న్ 23-20తో ఓడింది, ఆ ఏడాది ఎల్‌ఎస్‌యూకి అంత తక్కువ పాయింట్లు మరెవరూ ఇవ్వలేదు. డెరిక్ బ్రౌన్ లాంటి భారీ మనిషి డిఫెన్స్ ముందు వరసలో ఉండటంతో ఆబర్న్ వాళ్ళు చాలాసార్లు ముగ్గురినే రష్‌కి (క్వార్టర్‌బ్యాక్ మీదికి) పంపి మిగతా ఎనిమిది మందినీ కవరేజ్‌లో పెట్టారు. కార్నర్ వెనక ఎప్పుడూ ఇంకొకడు ఉన్నాడు. అది చూసిన వెంటనే క్లెమ్సన్ ఆట రెండో క్వార్టర్ పెట్టుకోండి, చేజ్ వైపు సేఫ్టీ ఎక్కడున్నాడో ప్రతి పాస్‌కీ ఒక కాగితం మీద రాసుకోండి. రాసింది ఇక్కడ పెడితే నా దగ్గరున్న దాంతో సరిచూసి చెబుతాను.